మారుపేరుతో రాయొచ్చా: ఆక్వా ల్యాబులో పనిచేసే తమ్ముడికి జవాబు

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నా మాటల్లో చెబుతాను. మీరు భీమవరం చుట్టుపక్కల ఒక ఆక్వా ల్యాబులో, అంటే రొయ్యల చెరువులకి పరీక్షలు చేసే చోట, పనిచేస్తున్నారు. నీళ్ళ పరీక్షలు, విబ్రియో ప్లేట్లు (రొయ్యకి జబ్బు చేసే బ్యాక్టీరియాని పెంచి చూసేవి), జబ్బుని జన్యువుతో పట్టే పీసీఆర్ పరీక్ష, అన్నీ మీ చేతి మీదే జరుగుతాయి. పరీక్ష ఉచితం, లాభమంతా పక్కనే ఉన్న మందుల కౌంటర్లో. అక్కర్లేని డబ్బాలు రైతు చేత మోయిస్తుంటే చూడలేక, రైతుల గ్రూపుల్లో వేరే పేరు పెట్టుకుని నిజం రాద్దామనుకుంటున్నారు. మీ అనుమానాలు మూడు. ఓనరు పట్టేస్తాడా? పేరు చెప్పనివాడి మాట రైతు నమ్ముతాడా? రేపు కేసులు గట్రా ఏమైనా అవుతాయా?

నేను పదకొండేళ్ళుగా ఇలాంటి గ్రూపుల్లో 'చెరువుగట్టు' అన్న పేరుతోనే ఉన్నాను. అందులో ఏడేళ్ళు అడ్మిన్‌గా చేశాను. ఒకసారి దొరికిపోయాను కూడా, ఆ ముచ్చట తర్వాత చెబుతాను. నా జవాబు మాత్రం రాయమనే. కాకపోతే మీకు ఓనరు భయం ముందుంది, రైతు నమ్మకం తర్వాత ఉంది. నేను రైతుతో మొదలుపెడతాను. రైతు నమ్మకపోతే మిగతా రెండు భయాలూ దండగే కదా.

పేరు లేని రాతకి మన ఊళ్ళల్లో ఎప్పటినుంచో ఒక పేరుంది: ఆకాశరామన్న ఉత్తరం. కుదిరిన సంబంధం చెడగొట్టడానికో, ఉద్యోగంలో ఉన్నవాడి మీద పైవాళ్ళకి ఎక్కించడానికో రాసేవాళ్ళు. అందుకున్నవాడు విషయం సంగతి వదిలేసి, ఎవడు రాసుంటాడా అని చేతిరాత పట్టుకుని కూర్చునేవాడు. ఆ ఉత్తరానికి వెనక చరిత్ర ఉండదు, ముందు ఇంకో ఉత్తరం ఉండదు. అబద్ధమని తేలినా రాసినవాడికి పోయేదేమీ లేదు.

కలం పేరు సంగతి వేరు. మన నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ గారిని ఆ పేరుతో ఎంతమంది గుర్తుపడతారు? బాపు అంటే అందరికీ తెలుసు. ఆయన ఆ పేరు వెనక దాక్కోలేదు, ఆ పేరుతోనే బతికారు. కథలు రాసిన బీనాదేవి అన్న సంతకం వెనక ఉన్నది భార్యాభర్తలిద్దరు. అసలు పేరు తెలిసినా తెలియకపోయినా, ఆ సంతకం కింద గతంలో ఏం చదివామో పాఠకుడికి గుర్తుంటుంది. కొత్తది చెత్తగా ఉంటే ఆ పేరే పాడవుతుంది. అంటే ఆ పేరుకి పోగొట్టుకునేది ఉంది. మీరు తెచ్చుకోవాల్సింది అలాంటి పేరు. నెలకొకటి మార్చకండి. ఒక్కటే పెట్టుకుని ఏళ్ళ తరబడి ఉంచండి.

నా సంగతే చూడండి. మొదటి ఏడాది నన్నెవరూ పట్టించుకోలేదు. మబ్బు పట్టినప్పుడల్లా 'మేత తగ్గించండి, తెల్లవారుజామున ఏరియేటర్లు (నీళ్ళల్లో గాలి కలిపే యంత్రాలు) ఆపకండి, ఆక్సిజన్ అప్పుడే అడుగంటుతుంది' అని రాస్తూ పోయాను. ఇది కొత్త విషయమేమీ కాదు, అందరికీ తెలిసిందే. అయినా సరిగ్గా ఆ రాత్రికి గుర్తుచేసేవాడు ఒకడు కావాలి. తర్వాత ఒకసారి నేనే తప్పు చెప్పాను. నీళ్ళల్లో ఆల్కలినిటీ (పీహెచ్ ఊగకుండా పట్టి ఉంచే గుణం) తక్కువుందన్న ఒకాయనకి మధ్యాహ్నం పూట సున్నం చల్లమన్నాను. అసలే ఎండకి పైకెక్కి ఉన్న పీహెచ్ ఇంకా పెరిగి, ఉన్న అమ్మోనియా విషమై, ఆయనకి నష్టం జరిగింది. మర్నాడు అదే పేరుతో, అదే గ్రూపులో, 'నేను చెప్పింది తప్పు, సాయంత్రం పీహెచ్ చూసుకుని వేయమనాల్సింది' అని రాశాను. నమ్మండి, నా మాటకి విలువ వచ్చింది ఆ రోజు నుంచే. అప్పటిదాకా నేను చెప్పిన మంచి సలహాలన్నీ కలిపినా అంత పని చేయలేదు.

ఇక మీ విషయంలో అసలు కిటుకు ఒకటుంది. రాసే మాటలు రెండు రకాలు. ఒకటి, చదివినవాడు తన చెరువు దగ్గరే సరిచూసుకోగలిగేది. రెండు, 'నేను చూశాను కాబట్టి నమ్మండి' అనేది. మొదటిదానికి మీ పేరుతో పనిలేదు. రెండోదానికి పేరు, ఉద్యోగం, ల్యాబు అన్నీ చెప్పాల్సి వస్తుంది. చెప్పకపోతే అది ఆకాశరామన్న ఉత్తరమే.

'మా ల్యాబులో పచ్చ కాలనీలు లేకపోయినా ఉన్నాయని చెప్పి మందు అంటగడుతున్నారు' అని రాశారనుకోండి. అది రెండో రకం. (కాలనీలంటే ప్లేటు మీద మొలిచే బ్యాక్టీరియా చుక్కలు, పచ్చవి ఎక్కువ ప్రమాదమని అంటారు.) దాన్నే ఇలా తిప్పండి: 'రిపోర్టు నోటిమాటగా తీసుకోకండి, కాగితం మీద రాయించుకోండి. పచ్చ కాలనీలు ఎన్ని, పసుపు ఎన్ని, విడివిడిగా అడగండి. ప్లేటు కళ్ళారా చూపించమనండి. వీలైతే అదే రోజు, అదే నీళ్ళు, మందులమ్మని ఇంకో ల్యాబులో ఇవ్వండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.' ఇది చదివిన రైతు మీరెవరో కనుక్కునే బదులు బాటిల్లో నీళ్ళు నింపుకుని రెండో ల్యాబుకి వెళతాడు. మీక్కావలసిందీ అదే కదా. మందుల సంగతీ అంతే. కూర్పు రాయని డబ్బా కొనొద్దనండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత మందుల ఆనవాలు సరుకులో దొరికితే కొనే దేశం కంటైనర్‌ని వెనక్కి పంపుతుందని, ఆ దెబ్బ తిరిగి రేటు రూపంలో మన చెరువుకే తగులుతుందని చెప్పండి. దీనికి సాక్షిగా మీరు నిలబడక్కర్లేదు.

ఇప్పుడు ఓనరు. నేను దొరికిపోయిన కథ చెబుతానన్నాను కదా.

2019లో, మాకు అరువు మీద మేత ఇచ్చే ఒక డీలరు దగ్గర బస్తాలు తూకం తక్కువ వస్తున్నాయని అనుమానమొచ్చింది. గ్రూపులో రాశాను. డీలరు పేరు లేదు, ఊరు లేదు, నా పేరు ఎలాగూ లేదు. మేత లెక్క అర్థం కావాలని ఒక్క వాక్యం కలిపాను: 'నాది ఎకరం డెబ్భై సెంట్ల చెరువు, 62 రోజులు, 70 కౌంట్ నడుస్తోంది.' అంటే సీడ్, అదే రొయ్య పిల్లలు, వదిలి 62 రోజులైంది, కిలోకి 70 రొయ్యలు తూగుతున్నాయని. మూడో రోజు ఫోనొచ్చింది. 'ఏమండీ చెరువుగట్టు గారూ, ఒకసారి షాపుకి రండి, తూకం చూసుకుందాం.' ఆయన చేసింది పెద్ద డిటెక్టివ్ పనేం కాదు. ఖాతా పుస్తకం తీశాడు. 62 రోజుల కిందట సీడ్ వదిలినవాళ్ళెవరు? అందులో ఎకరం డెబ్భై ఎవరిది? వేలు నా పేరు మీదకొచ్చి ఆగింది. తూకం మాట అలా ఉంచండి, అరువు ఆగిపోయింది. పంట మధ్యలో మేతకి రొక్కం వెతుక్కోవడం ఎంత టెన్షనో మీకు నేను చెప్పక్కర్లేదు.

అప్పుడు తెలిసింది నాకు, మనిషిని పట్టించేది పేరొక్కటే కాదని. లటాన్యా స్వీనీ అనే అమెరికా పరిశోధకురాలు 2000లో ఒక లెక్క తేల్చారు. పిన్‌కోడ్ లాంటి వాళ్ళ జిప్ కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది, ఈ మూడు తెలిస్తే చాలు, ఆ దేశ జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించే అవకాశం ఉందని. అంత పెద్ద దేశంలోనే అలా ఉంటే, 'ఎవరి తాలూకండీ?' అన్న ఒక్క ప్రశ్నతో మూడు తరాలు లాగేసే మన డెల్టాలో ఎలా ఉంటుందో ఆలోచించండి.

కాబట్టి మీరు రాసేదాంట్లో ఎకరాలు, రోజులు, కౌంట్, ఊరు, ఏ కాలవ కింద చెరువు, ఇవి ఉన్నవి ఉన్నట్టు పెట్టకండి. విషయం చెడనంతవరకు మార్చేయండి, లేదా తీసేయండి. ఈ రోజు ల్యాబులో జరిగింది ఈ రోజే రాయకండి. మూడు నాలుగు వారాలు ఆగండి. ఈలోపు అలాంటి కేసు మరో పదిమందికి వచ్చుంటుంది, మీరు ఎవరి గురించి రాశారో ఎవరికీ తేలదు. ప్లేటు ఫోటో అసలొద్దు. దాని మీద మార్కర్‌తో శాంపిల్ నంబరు రాసింది మీరే, మీ ఓనరుకి మీ అంకెలు తెలుసు. మామూలు ఫోటోల్లో కూడా తీసిన చోటు దాగి ఉండొచ్చు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ వివరం మామూలుగా తొలగిపోతుంది గానీ, క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళుతుంది. ఈ తేడా తెలియక దొరికినవాళ్ళు ఉన్నారు.

ఫోన్ నంబరు ఇంకో గోల. వాట్సాప్ మామూలు గ్రూపులో మీ నంబరు అందరికీ కనిపిస్తుంది. డిస్‌ప్లే పేరు 'రొయ్యల రాజా' అని పెట్టుకున్నా ఏం లాభం, ఆ నంబరు తీసుకుని ట్రూకాలర్‌లో కొడితే ఊళ్ళో వాళ్ళు మిమ్మల్ని ఏ పేరుతో సేవ్ చేసుకున్నారో అదొస్తుంది. అంతకన్నా తేలిక ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో రూపాయి పంపబోవడం. బ్యాంకులో ఉన్న పూర్తి పేరు ఇంటిపేరుతో సహా తెర మీద పడుతుంది, రూపాయి పంపక్కర్లేదు కూడా. అందుకని విడి నంబరు తీసుకోండి, దానికి యూపీఐ తగిలించకండి. టెలిగ్రామ్‌లో నంబరు కనపడకుండా పెట్టుకోవచ్చు. కానీ పాత నంబరుతో చేరితే, ఆ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకి 'ఫలానా ఆయన చేరారు' అని కబురు వెళ్ళిపోతుంది. అందులో మీ ఓనరు కూడా ఉంటాడు. ఫేస్‌బుక్ గ్రూపుల్లో పేరు లేకుండా పోస్టు పెట్టే ఏర్పాటు చూసి మోసపోకండి. జనానికి కనపడని మీ పేరు అడ్మిన్లకి కనపడుతుంది. అడ్మిన్ మీ ఓనరు తోడల్లుడు కాడని గ్యారంటీ ఏముంది?

ఇన్ని చేసినా మన నోరు మనల్ని పట్టిస్తుంది. ఆయ్, మన యాస సంగతే అంటున్నాను. బయటివాళ్ళకి అంతా గోదావరి యాసే. మనవాళ్ళు మాత్రం ఒక్క మాట విని కోనసీమా, డెల్టా మెట్టా, ఏటికి ఇవతలా అవతలా అన్నది చెప్పేస్తారు. మామూలు రాత భాషలో రాయండి. మీకు అలవాటైన ఊతపదాలు ఏరి పారేయండి. 2013లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ పేరుతో వచ్చిన డిటెక్టివ్ నవల అసలు హ్యారీ పోటర్ రాసిన జె.కె. రౌలింగ్‌దని బయటపడినప్పుడు, వాక్యాల తీరు, పదాల వాడకం కంప్యూటర్‌తో లెక్కగట్టి కూడా పోల్చి చూశారు. అయితే మొదటి ఉప్పు ఎలా అందిందో తెలుసా? ఆవిడ లాయర్ల సంస్థలో ఒకాయన తన భార్య స్నేహితురాలికి చెప్పాడు. ఆ స్నేహితురాలు ట్విట్టర్‌లో అనేసింది. అంత డబ్బూ, అంతమంది లాయర్లూ ఉన్న మనిషి రహస్యం కూడా మన రేవులో కబురు పాకినట్టే పాకింది. మీరు ఎంతమందికి చెప్పారో ఇప్పుడే లెక్కపెట్టుకోండి. ఇద్దరు దాటితే కొత్త పేరు వెతుక్కోండి.

మీరు అడగలేదు గానీ, పేరు దాచుకోవడం అంటే పిరికితనమని మీ ఫ్రెండ్ అన్నాడని రాశారు. దాని మీద నాకు కొంచెం కోపం ఉంది. మన దగ్గర ఇంటిపేరు చెప్పగానే కులం తెలిసిపోతుంది, కులం తెలియగానే మాటకి మార్కులు పడిపోతాయి. 'చెరువుగట్టు' అన్న పేరుకి ఇంటిపేరు లేదు. పదకొండేళ్ళలో నాతో వాదించినవాళ్ళందరూ పీహెచ్ గురించీ మేత గురించీ వాదించారు. సొంత పేరుతో ఉంటే అలా జరిగేది కాదని నాకు బాగా తెలుసు. ఆడవాళ్ళ సంగతి ఇంకా చూడాలి. చెరువు లెక్కలన్నీ ఇంట్లో ఆవిడే చూస్తుంది, గ్రూపులో మాత్రం భర్త నంబరు. మా గ్రూపులో ఒకావిడ సొంత పేరుతో చేరి, సీడ్ క్వాలిటీ మీద మంచి ప్రశ్న అడిగింది. జవాబులు రెండొచ్చాయి, ప్రైవేటుగా గుడ్‌మార్నింగులు పదిహేను వచ్చాయట. వారం తిరక్కుండా వెళ్ళిపోయింది. తర్వాత పువ్వు బొమ్మ పెట్టుకుని, ఆడా మగా తెలియని పేరుతో తిరిగొచ్చింది. ఇప్పుడు సీడ్ గురించి ఎవరికి అనుమానమొచ్చినా ఆ పేరునే ట్యాగ్ చేస్తారు. ఆవిడెవరో నాకొక్కడికే తెలుసు. ఇక బూతులంటారా, అడ్మిన్‌గా నేను గ్రూపు నుంచి తీసేసినవాళ్ళలో ఎక్కువమంది సొంత పేరు, సొంత ఫోటో పెట్టుకున్నవాళ్ళే. కొందరి ఫోటోలో పక్కన నాయకుడు కూడా ఉన్నాడు.

'నాకొక్కడికే తెలుసు' అన్నాను కదా, అక్కడ కూడా ఒక దెబ్బ తిన్నాం. ఒక దశలో, నకిలీలు ఎక్కువయ్యాయని, మారుపేర్లవాళ్ళందరి అసలు పేర్లు, ఊళ్ళు తీసుకుని ఒక ఆన్‌లైన్ షీట్‌లో రాసుకున్నాం. అడ్మిన్లం నలుగురికి దాని తాళం ఉండేది. అందులో ఒకాయనకీ ఇంకొకాయనకీ చెడింది. ఆ కోపంలో షీటు స్క్రీన్‌షాట్లు బయటికెళ్ళాయి. ఇరవై మందికి పైగా ముసుగులు ఒక్క సాయంత్రంలో ఊడిపోయాయి. వాళ్ళలో సగం మంది మళ్ళీ నోరెత్తలేదు.

దక్షిణ కొరియా ఇదే పని దేశం మొత్తానికి చేసింది. 2007 నుంచి పెద్ద వెబ్‌సైట్లలో రాయాలంటే అసలు గుర్తింపు నిరూపించుకోవాలని చట్టం పెట్టారు. 2011లో ఒక పెద్ద కంపెనీ సైట్ల మీద హ్యాకర్లు పడి దాదాపు మూడున్నర కోట్ల మంది వివరాలు ఎత్తుకుపోయారు. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. దానివల్ల చట్టవిరుద్ధమైన రాతలు చెప్పుకోదగ్గంత తగ్గిన దాఖలా లేదని కూడా అంది. అందుకే ఇప్పుడు మా గ్రూపులో పద్ధతి మార్చాం. కొత్త మారుపేరు చేరితే, ఒక్క అడ్మిన్‌కి ఫోన్ చేసి మాట్లాడాలి. ఆయన 'ఈ మనిషి నిజంగా ఈ రంగంలో ఉన్నాడు' అని మాత్రం గ్రూపులో చెబుతాడు. ఎక్కడా రాసుకోడు. ప్రభుత్వంలో కూడా ఇలాంటి ఏర్పాటు ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో అవినీతి మీద సెంట్రల్ విజిలెన్స్ కమిషన్‌కి 2004 నాటి తీర్మానం కింద ఫిర్యాదు చేస్తే, లోపల పేరు రాయాలి, కవరు మీద రాయకూడదు. ఆ పేరు వాళ్ళు గుట్టుగా ఉంచుతారు. పేరే లేని ఫిర్యాదుని ఆ పద్ధతి కింద తీసుకోరు. మీ ప్రైవేటు ల్యాబుకి అది పనికిరాదు. కానీ మీ గ్రూపులో నమ్మకస్తుడైన అడ్మిన్ ఒకాయన ఉంటే, ఆయనొక్కడికీ చెప్పి, మిగతావాళ్ళకి దాచడం మంచిదే.

చట్టం గురించి కొంచెమే చెబుతాను, లాయరు చెప్పాల్సినవి లాయరే చెప్పాలి. మారుపేరు పెట్టుకుని రాయడం మన దేశంలో నేరం కాదు. వేరే మనిషిలా నటించి మోసం చేయడం నేరం. ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. కాబట్టి పేరు ముందు 'డాక్టర్' తగిలించుకోవడం, ఫిషరీస్ ఆఫీసరునని చెప్పుకోవడం లాంటివి సరదాకి కూడా వద్దు. పేరు దాచుకుని బెదిరిస్తే, బెదిరింపుకి పడే శిక్షకి తోడు ఇంకో రెండేళ్ళ దాకా పడొచ్చు. పాత శిక్షాస్మృతిలో (ఐపీసీ) అది సెక్షన్ 507, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 351(4). పరువు నష్టానికి మారుపేరు అడ్డం రాదు. రాసింది నిజమై, జనం మంచికి అవసరమైతే మినహాయింపు ఉంది గానీ, ఆ నిజం కోర్టులో రుజువు చేసుకోవాల్సింది మీరే. ఇది కూడా షాపు పేరు రాయకుండా పద్ధతి గురించే రాయమనడానికి ఒక కారణం.

పోలీసు నుంచి దాక్కోగలనా అంటే, లేదు. సిమ్ మీ పేరు మీదే ఉంటుంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం, అధికారం ఉన్న ఏజెన్సీ రాతపూర్వకంగా అడిగితే కంపెనీలు 72 గంటల్లోపు సమాచారం ఇవ్వాలి. ఖాతా మూసేసినా మీ రిజిస్ట్రేషన్ వివరాలు 180 రోజులు ఉంచాలి. మారుపేరు దోమతెర లాంటిది, దోమలనైతే ఆపుతుంది. మీకున్న బాధ దోమలతోనే, అంటే ఓనరూ, ఆయన చుట్టూ ఉన్న డీలర్లూ. ఆ మేరకి చాలు. టెన్షన్ పడకండి.

చివరగా పేరు. మీరు 'ల్యాబ్ బాబు' అనుకుంటున్నానన్నారు. వద్దు, సగం గుట్టు అందులోనే పోయింది. ఉద్యోగం, వయసు, ఊరు తెలియని పేరేదైనా పెట్టుకోండి. మొదటి పోస్టు రాశాక గ్రూపులో పెట్టే ముందు, ఎవరు రాశారో చెప్పకుండా ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. నేను కొత్త పేరుతో మళ్ళీ మొదలుపెడదామని 2019లో రెండు పేరాలు రాసి, ఎవరో పంపారని మా ఆవిడకి వినిపించాను. కూర తరుగుతూ మొదటి పేరా అవగానే ఆపింది. 'అది సరేగానీ, మూడుసార్లు "అది సరేగానీ" అన్నారు, మీరు కాకపోతే ఇంకెవరు?' అంది. పాత పేరుకే తిరిగొచ్చాను.